కొమ్మ బ్రేకు

ఆదిలాబాద్ జిల్లాలో ఘాట్ అనగానే అందరూ నిర్మల్ ఘాట్ గురించే మాట్లాడతారు. దానిమీద బస్సులు పోతాయి, లారీలు పోతాయి, కాబట్టి దానికి పేరుంది. నేను చెప్పే ఘాట్‌కు పేరు లేదు. ఉట్నూరు నుంచి జన్నారం పోయే రోడ్డును కొంతదూరం పట్టుకొని, ఎడమకు తిరిగితే, ఒక కంకర దారి గుట్టల నడుమ లోయలోకి దిగేది. దిగువన వాగు, వాగు దాటితే ఊరు, ఊరి చివర నా బడి. ఆ దారిలో బస్సు ఎన్నడూ రాలేదు. ఎడ్లబండ్లు, వెదురుబొంగులు మోసే సైకిళ్ళు, ఎప్పుడో ఒకసారి పంచాయతీ సమితి జీపు, అంతే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయిన కాలం అది.

ఆ దారిని నా అంత బాగా చూసినవాళ్ళు లేరని కొన్నాళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి నడిచి దిగింది తప్ప, ఆ ఘాట్‌ను నేను ఒక్కసారి కూడా ముందుకు చూస్తూ దిగలేదు. సైకిల్ క్యారియర్ మీద వెనక్కి తిరిగి కూర్చొని దిగేవాణ్ణి. సైకిల్ తొక్కేది నా భార్య.

ఇప్పుడు ఆడపిల్లలు మొగుళ్ళను స్కూటర్ వెనక ఎక్కించుకొని పోతుంటే ఎవరూ తలెత్తి చూడరు. అప్పుడు చూసేవాళ్ళు. చూసి ఊరుకోకుండా పక్కవాళ్ళను పిలిచి చూపించేవాళ్ళు.

మాది కరీంనగర్ దిక్కు నేతపని ఇల్లు. చిన్నప్పుడు జ్వరం వచ్చి నా ఎడమకాలు సన్నబడింది. మగ్గం గుంటలో కూర్చుంటే రెండు కాళ్ళూ ఆడాలి. నాకు ఒకటే ఆడేది. "వీనితోని మగ్గం కాదు, చదువుకు తోలుండ్రి" అన్నాడు మా బాపు. అలా చదువుకున్నాను. తెలివి ఉండి కాదు, కాలు లేక. పంతులు ఉద్యోగం వచ్చినప్పుడు ఆ లోయలో బడి ఇచ్చారు. అంతకుముందు వేసిన పంతుళ్ళు చలిజ్వరానికి భయపడి పారిపోయారట. నేను నడవలేను, సైకిల్ తొక్కలేను అని చెబితే ఉద్యోగానికే పనికిరావంటారని నోరు మూసుకొని ఆర్డరు తీసుకున్నాను.

లోయలో చలిజ్వరం కాబట్టి పసిపిల్లతో కాపురం పెట్టే ధైర్యం లేదు. ఉట్నూరులో ఒక గది కిరాయికి తీసుకున్నాం. నేను, నా భార్య, మా బిడ్డ, నన్ను కన్న మా అవ్వ. వారమంతా నేను బడిలోనే పడుకోవాలి, శనివారం ఇంటికి రావాలి, సోమవారం మళ్ళీ దిగాలి. ఎలా దిగాలి? మొదటి వారం కర్ర పట్టుకొని నడిచాను. చేరేసరికి పిల్లలు ఇళ్ళకు పోయారు. కాలు వాచి రాత్రంతా మూలిగాను. శనివారం నన్ను ఎడ్లబండిలో తెచ్చి దించారు. నా భార్య నా కాలు చూసింది, నా మొహం చూసింది. మరుసటి రోజు ఎవరిదో పాత సైకిల్ పట్టుకొచ్చి గుమ్మం ముందు నిలబెట్టింది.

ఆమెది జగిత్యాల. ఆమె తండ్రికి అద్దె సైకిళ్ళ దుకాణం ఉండేది. అన్నదమ్ములతో పాటు ఆమె కూడా చిన్నప్పుడే కైంచీ తొక్కింది, అంటే సీటు మీదికి అందక, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి తొక్కడం. పెద్దమనిషి అయ్యాక ఆపించారట. పెళ్ళిచూపులప్పుడు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెబితే ఏమనేవాణ్ణో నాకు తెలుసు.

"నువ్వు తొక్కుడేంది?" అన్నాను.

"మరి నువ్వు తొక్కుతవా?" అంది.

పదిమంది ముందు నన్ను 'మీరు' అనాలని పెళ్ళయిన కొత్తలోనే నేర్పాను. పంతులు పెళ్ళాం కదా. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, సైకిల్ మీద, 'నువ్వు' అనేది. దానికి నేను ఏమీ అనేవాణ్ణి కాదు. అనడానికి నా దగ్గర ఏముంది?

మా అవ్వకు నాకంటే ఎక్కువ నామోషీ. "నా కొడుకును బియ్యం మూట లెక్క ఎనుకేసుకొని పోతున్నవ్, జర ఊరు దాటినంక ఎక్కిచ్చుకో" అని బతిమాలింది. ఆ సలహా నాకు బాగా నచ్చింది. తెల్లవారకముందే బయలుదేరేవాళ్ళం. ఇళ్ళు దాటేదాకా ఇద్దరం నడిచేవాళ్ళం. చెట్లు మొదలయ్యాక ఆమె చీరను గోచీ పోసుకొని కట్టేది, పొలం పనికి పోయే ఆడవాళ్ళలాగా. సైకిల్ ఎక్కేది. నేను క్యారియర్ మీదికి చేరేవాణ్ణి. ఎదురుగా ఎవరైనా వస్తున్న అలికిడి వినబడితే చాలు, చప్పున దూకి, సైకిల్ హ్యాండిల్ నేను పట్టుకొని, చైను పడిపోయినట్టు వంగి చూసేవాణ్ణి. ఆమె కొంగు సర్దుకొని దూరంగా నిలబడేది. ఆ దారిలో మా సైకిల్ చైను పడిపోయినన్ని సార్లు ఏ సైకిల్ చైనూ పడి ఉండదు. సన్నకాలుతో దూకడం కూడా ఒక విద్యే. అందులో మాత్రం నేను ఆరితేరాను.

ఊళ్ళోకి పోయేటప్పుడు మరీ ఘోరం. వాగు దగ్గరే దిగిపోయేవాణ్ణి. అక్కడినుంచి హ్యాండిల్ పట్టుకొని ముందు నేను, సంచీ పట్టుకొని వెనక ఆమె. ఒక్కతే తిరిగి పోయేటప్పుడు కూడా వాగు దాటేదాకా సైకిల్‌ను నడిపించుకుంటూనే పోయేది, శనివారం మళ్ళీ వచ్చి నన్ను తీసుకుపోయేది. పంతులే పెళ్ళాన్ని ఎక్కించుకొని వచ్చాడని ఊరంతా అనుకుంది. "గా కాలుతోని గింత దూరం ఎట్ల తొక్కుతడో" అని ఆడవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఆమె వింటూ ఉండగానే మెచ్చుకునేవాళ్ళు. ఆమె నవ్వేది. అందుకే ఆ సైకిల్ మీద నన్ను ఎవరైనా చూస్తే ఇక ఆ ఊళ్ళో నిలబడి పాఠం చెప్పలేనని నాకు నిశ్చయంగా ఉండేది.

ఇక ఘాట్ సంగతి. దిగుడు మొదలయ్యే చోట ఒక నల్లబండ ఉండేది. అక్కడినుంచి వాగు దాకా ఏకధాటిగా వాలు. ఒక్కరే అయితే బ్రేకులు పట్టేవి. ఇద్దరం కూర్చుంటే రబ్బరు ముక్కలు వేడెక్కి, జారిపోయి, సైకిల్ ఎవరి మాటా వినేది కాదు. వెదురుబొంగులు మోసేవాళ్ళకు దీనికి ఒక ఉపాయం ఉంది. నల్లబండ దగ్గర ఆగి, ఆకు నిండుగా ఉన్న కొమ్మ ఒకటి కొట్టి, తాడుతో సైకిల్ వెనక కడతారు. కొమ్మ నేలను పట్టుకొని గుంజుతుంది, సైకిల్ నెమ్మదిగా దిగుతుంది. దిగాక కొమ్మను వాగు ఒడ్డున వదిలేస్తారు. అక్కడ పోగుపడినవన్నీ ఊరి ఆడవాళ్ళు పొయ్యిలోకి పట్టుకుపోతారు. ఎంత పెద్ద కొమ్మ తెస్తే అంత మంచివాడని వాళ్ళ లెక్క.

మా సైకిల్‌కు కొమ్మ సంగతి చూడడం నా పని. తాడును క్యారియర్ ఇనుముకు ఒక మెలిక వేసి, కొస నేను పట్టుకునేవాణ్ణి. వాలు ఎక్కువైతే బిగించాలి, తగ్గితే వదులు చెయ్యాలి, కొమ్మ రాయికి తట్టుకుంటే గుంజి విడిపించాలి. అందుకే వెనక్కి తిరిగి కూర్చోవడం. తొక్కేది ఆమె అయినా, ప్రాణాలు కాపాడేది నేనే అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఒకసారి ఒక బొంగులవాడు మోదుగు కొమ్మ తెగిపోయి మలుపు దగ్గర లోయలోకి పోయాడు. బతికాడు కానీ మళ్ళీ సైకిల్ ఎక్కలేదు. ఆ మలుపు వచ్చినప్పుడల్లా తాడు బిగించి, "ఫికర్ చెయ్యకు, నేనున్న" అనేవాణ్ణి.

"తాడు చేతికి చుట్టుకోరాదు?" అని మొదట్లో ఒకసారి అడిగింది.

"కొమ్మ రాయికి తట్టుకుంటే మనిషిని గుంజి పడేస్తది, బొంగులోళ్ళు చుట్టుకోవద్దన్నరు" అన్నాను. వాళ్ళు అన్న మాట నిజమే. నేను చుట్టుకోకపోవడానికి అదొక్కటే కారణం కాదు. చుట్టుకుంటే చప్పున దూకడం కుదరదు.

వెనక్కి కూర్చుంటే లోయ ఒక వింతగా కనబడేది. అందరికీ ముందునుంచి వచ్చే చెట్టు నాకు వెనకనుంచి పోయేది. ఇప్ప చెట్టు దాటాక తెలిసేది అది ఇప్ప చెట్టని. నా కళ్ళముందు కొమ్మ ఎగిరిపడుతూ, దుమ్ము లేపుతూ, మేము వచ్చిన జాడంతా ఊడ్చేస్తూ వచ్చేది. జర్రుమని ఒకటే చప్పుడు. ఆ చప్పుడులో ఇంకో చప్పుడు కూడా కలిసి ఉందని నాకు తెలియదు.

ఆ రోజుల్లో ఇంట్లో నేను సణిగే ఒక సణుగుడు ఉండేది. ఆమెకు చెప్పులు నిలిచేవి కావు. టైరు చెప్పులు ఏళ్ళ తరబడి అరగవని అందరూ అంటారు, ఆమెకు నాలుగు నెలలకే కుట్లు, అతుకులు. "చెప్పులు తొడుగుతున్నవా తింటున్నవా?" అనేవాణ్ణి. "తొవ్వంత రాళ్ళాయె" అనేది.

ఒక సోమవారం నల్లబండ దగ్గర కొమ్మ కట్టి దిగడం మొదలుపెట్టాం. ఒక మలుపు దాటామో లేదో, పైనుంచి మోత వినబడింది. సమితి జీపు. మా వెనకే వస్తోంది. వెనక అంటే, నాకు ఎదురుగా. ముందు సీటులో కూర్చున్న మనిషిని చూశాను. బళ్ళ ఇన్‌స్పెక్టర్ సాబు. పక్కన డ్రైవరు, వెనక ఒక గుమాస్తా.

దారి ఇరుకు. జీపు దాటిపోయే వీలు లేదు. మేము ఆగే వీలు లేదు. ఇన్‌స్పెక్టర్ సాబు నన్ను చూశాడు. నేను ఆయన్ను చూశాను. ఇక వాగు దాకా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ దిగడమే. డ్రైవరు హారన్ కొట్టాడు. గుమాస్తా ముందుకు వంగి తొంగిచూశాడు. కాసేపు వాళ్ళకు అర్థం కాలేదు. దుమ్ములోంచి వెనక్కి తిరిగి కూర్చున్న పంతులు, వాడి చేతిలో తాడు, తాడుకు చెట్టుకొమ్మ, వాడి వీపు వెనక గోచీ చీర. తర్వాత అర్థమైంది. డ్రైవరు స్టీరింగు మీద పడి నవ్వాడు.

పై అధికారి ఎదురైతే నమస్కారం పెట్టాలి. నా రెండు చేతుల్లో తాడుంది. తల వంచాను. దుమ్ములో ఆయనకు కనబడలేదనుకొని మళ్ళీ వంచాను. ఆయన తదేకంగా చూస్తున్నాడు. ఈ బతుకు వద్దు, తాడు వదిలి పొదల్లోకి దూకుదామనిపించింది. అనిపించింది అంటే చిన్నమాట. సన్నకాలు అప్పటికే క్యారియర్ పక్కకు జరిగింది, దూకే ముందు జరిగే పద్ధతిలో. ముందు మలుపు ఉందని తెలుసు. బొంగులవాడు పడిన మలుపు. నేను దూకితే ఆమె ఏమవుతుందో తెలుసు. తెలిసే కాలు జరిగింది.

దూకేవాణ్ణో లేదో దేవుడికి తెలియాలి. కంగారులో, కనీసం ఒక చేత్తోనైనా సలాం చేద్దామని కుడిచెయ్యి ఎత్తాను. కొమ్మ ఒక రాయిని తట్టుకొని ఎగిరింది. తాడు జారి ఎడమ మణికట్టుకు బిగుసుకుపోయింది. ఇక వదులుదామన్నా వదలదు. చర్మం చీరుకుపోతుంటే, పళ్ళు బిగపట్టి, ఇన్‌స్పెక్టర్ సాబు కళ్ళలోకి చూస్తూ ఆ మలుపు తిరిగాను. మొత్తం ఘాట్ దిగాను. "ఏమాయె? ఏం మోత?" అని ఆమె ముందునుంచి అరుస్తూనే ఉంది. "ఏం లేదు, నువ్వు ముంగట చూడు" అని నేనూ అరిచాను.

దిగువన దారి వెడల్పయ్యాక జీపు మమ్మల్ని దాటింది. దాటుతూ ఇన్‌స్పెక్టర్ సాబు తల బయటపెట్టాడు. "ఏం పంతులూ, ఘాట్ మొత్తం సలాం చెయ్యకుంట నా మొకమే చూసుకుంట వచ్చినవ్!" అన్నాడు. వాళ్ళ నవ్వు వాగు దాటేదాకా వినబడింది.

నేను వాగు ఒడ్డున కూలబడ్డాను. కొమ్మలు ఏరుకోవడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అంతా చూశారు. జీపులోవాళ్ళు బడికి చేరేలోగా ఊరంతటికీ తెలిసిపోతుంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. కానీ ఆ సిగ్గులో కూడా ఒక చిన్న మూల గర్వం ఉంది. వదల్లేదు కదా. అంత నవ్వుబాటులో కూడా తాడు వదల్లేదు కదా. మణికట్టు మీది గాయం కనబడకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కొని అన్నాను.

"చూసినవా? ఇంకెవ్వడన్న అయితే ఇడిచిపెట్టి దునుకుతుండె. నేను ఇడువలే."

ఆమె రాయి మీద కూర్చొని కుడికాలి చెప్పు తీసింది. పాదాన్ని నీళ్ళలో పెట్టి "ఉస్స్" అంది. నేను చెప్పు చేతిలోకి తీసుకున్నాను. అడుగున ముందుభాగం లేదు. అంటే, టైరు అరిగి, అతుకు అరిగి, అతుకు మీది అతుకు అరిగి, ఇవాళ పూర్తిగా చిల్లిపడింది. ఎడమకాలి చెప్పు తిప్పి చూశాను. దాని అడుగున టైరు మీది గీతలు కూడా చెదరలేదు.

చూస్తూ కూర్చున్నాను. ఘాట్‌లో రాళ్ళు రెండు కాళ్ళ కిందా ఉంటాయి.

"ఇదేంది?" అన్నాను.

"కాలు నేలకానిచ్చి ఆపుకొస్త గదా" అంది మామూలుగా.

"కొమ్మ ఉంది గదా. నేను పట్టుకుంట గదా."

"పట్టుకుంటవ్."

"మరి?"

ఆమె కాసేపు కాలు నీళ్ళలో ఆడించింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది. "మనిషి అలికిడి అయితే చాలు దునుకుతవ్ గదా," అంది. "ఘాట్ల కూడ ఎవరన్న ఎదురైతే దునుకుతవేమో అనుకున్న. చంటిపిల్ల ఉన్నది నాకు."

"ఎప్పటి సంది?"

"మొదటి నాటి సంది."

నేను ఆ చప్పుడు కొమ్మదనుకున్నాను. మలుపు మలుపుకూ "ఫికర్ చెయ్యకు, నేనున్న" అన్నాను. ఆ మాట వింటూ ఆమె కాలు నేలకు ఆనించి, నా బరువు, తన బరువు, సైకిల్ బరువు అరికాలితో ఆపుకుంటూ దిగింది. ప్రతి సోమవారం. నేను వెనక్కి కూర్చున్నాను కాబట్టి కనబడలేదని అనుకోవచ్చు. చెప్పులు ఇంట్లో కూడా కనబడ్డాయి. తింటున్నవా అని అడిగాను.

ఆ క్షణంలో, మణికట్టు గాయం చూపించి నిజం చెప్పేస్తే కొంత తేలికపడేవాణ్ణేమో. చొక్కా చెయ్యి ఇంకొంచెం కిందికి లాక్కున్నాను.

"ఇక ఊళ్ళెకు నడువద్దు," అన్నాను. "ఎక్కు. బడి దాక కూసుంట. చూసేటోళ్ళు చూడనీ." చాలా గొప్ప త్యాగం చేస్తున్నట్టు అన్నాను.

"ఇయ్యాల కాదు," అంది. "కాలు కాలింది. తొక్కలేను."

ఆమె కుడికాలు ఎత్తెత్తి వేస్తూ, నేను ఎడమకాలు ఈడ్చుకుంటూ, ఇద్దరం చెరొక పక్క సైకిల్ పట్టుకొని వాగు దాటి ఊళ్ళోకి నడిచాం. దారి పొడుగునా గుమ్మాల్లో జనం. ఎవరూ నవ్వలేదు. ఏదో దెబ్బ తగిలిందనుకొని ఒక ముసలామె పరుగెత్తుకొచ్చి నన్నే పట్టుకుంది. "నన్ను కాదు, ఆమెను పట్టుకో" అన్నాను. బడిలో ఇన్‌స్పెక్టర్ సాబు పిల్లలచేత ఎక్కాలు చెప్పించాడు, చాయ్ తాగాడు, పోయాడు. పోతూ పోతూ పిల్లల ముందే నన్ను 'బ్రేకు పంతులు' అన్నాడు. ఆ పేరు ఊళ్ళో ఉండిపోయింది. నేను అనుకున్నట్టు నిలబడి పాఠం చెప్పలేకపోవడం ఏమీ జరగలేదు. పిల్లలు ఒక వారం నవ్వి, మరిచిపోయారు. అంత చిన్న సంగతి కోసం ఎన్నిసార్లు దూకానా అని మాత్రం నాకు మరుపు రాలేదు.

ఆ తర్వాత వాగు దగ్గర దిగడం మానేశాను. క్యారియర్ మీదే ఊళ్ళోకి పోయేవాణ్ణి, వెనక్కి తిరిగి, నా వెనక పరుగెత్తే పిల్లల మొహాలు చూస్తూ. ఎదురుగా ఎవరు వచ్చినా చైను పడిపోలేదు. ఆమెకు కొత్త చెప్పులు కుట్టించాను. ఘాట్ దిగేటప్పుడు చెవులు ముందుకు పెట్టి వినేవాణ్ణి. ఇప్పుడు రెండు చప్పుళ్ళూ విడివిడిగా తెలిసేవి. కొమ్మది జర్రుమని ఒకటే సాగుడు. కాలిది ఆగి ఆగి, రాయి తగిలిన చోట టక్కుమని. వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది. కాలి చప్పుడు ఆగలేదు. కాలు తీసెయ్యమని అడిగే మొహం నాకు లేదు.

మోదుగులు పూసే రోజుల్లో ఒక సోమవారం నల్లబండ దగ్గర కొమ్మ కట్టుకొని దిగుతున్నాం. బొంగులవాడి మలుపు దగ్గర పడుతోంది. ఏదో తేడాగా అనిపించింది. చెవి పెట్టి విన్నాను. జర్రుమని కొమ్మ ఒక్కటే వస్తోంది. రెండో చప్పుడు లేదు. అన్ని నెలలుగా నేను కోరుకున్నది అదే. కానీ అది ఆగిపోయిన క్షణాన నన్ను నమ్మడానికి నాకే ధైర్యం చాలలేదు.

"కాలు పెట్టవే!" అని కేక వేశాను.

"ఎందుకు?" అంది ముందునుంచి. గొంతులో నవ్వుంది. "నువ్వున్నవ్ గదా."

తల వంచుకొని, ఎవరూ చుట్టమనకుండానే, తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాను.